కోడింగ్ రాకపోయినా ఓపెన్ సోర్స్‌లో మీ వంతు పని ఎలా మొదలుపెట్టాలి

“అన్నా, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ అన్నీ ఫ్రీగానే వాడుకుంటున్నాం. మేం కూడా ఏమన్నా చెయ్యాలంటే యాడ మొదలుపెట్టాల? కోడింగ్ అంతగా రాదు.”

అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల పిల్లలు, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది చదివాక ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

పనిలోకి దిగేముందు ఒక్క విషయం. వాడేవాళ్ళు లక్షల్లో, పనిచేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉండటం ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో, మామూలే. అందులో తప్పేమీ లేదు. ఇంకో పదిమంది డౌన్‌లోడ్ చేసుకుంటే సాఫ్ట్‌వేర్ తరిగిపోదు. తరిగిపోయేది మెయింటైనర్ (ఆ ప్రాజెక్ట్‌ని చూసుకునే మనిషి) టైమ్, ఆయన ఓపిక. చెరువు కింద మళ్ళు ఎన్నున్నా తూము చూసే నీరుగంటి ఒక్కడే. ఆయకట్టు రైతులంతా తూము దగ్గరికొచ్చి కేకలేస్తే నీళ్ళు ఎక్కువ రావు, ఎవరి కాలువలో గడ్డి వాళ్ళు తీసుకుంటే వస్తాయి. కాబట్టి కింద చెప్పిన ప్రతి పనికీ ఒక్కటే కొలత పెట్టుకోండి: నేను చేసినదాని వల్ల మెయింటైనర్ పని తగ్గిందా, పెరిగిందా?

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఎక్స్‌జెడ్ సంగతి తెలుసుకోవాలి. దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లో ఉండే చిన్న కంప్రెషన్ టూల్ అది. ఏళ్ళ తరబడి జీతం లేకుండా చూసుకున్నది ఒక్క మనిషి. 2022లో కొన్ని పేర్లతో ఆయన మీద ఒత్తిడి మొదలైంది: అప్‌డేట్లు ఎందుకు ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించొచ్చుగా అని. మానసికంగా బాగాలేదని, ఇది తను జీతం లేకుండా చేస్తున్న పని అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. అదే టైమ్‌లో సాయం చేస్తానని దగ్గరైన ‘జియా టాన్’ అనే పేరు చేతికి అధికారాలు వెళ్ళాయి. 2024లో ఆ చేతి మీదుగానే దొంగదారి ఒకటి కోడ్‌లోకి చేరింది. ఒత్తిడి పెట్టిన పేర్లు కూడా ‘జియా టాన్’ వెనకున్నవాళ్ళవేనని చాలామంది నమ్ముతున్నారు. దాన్ని 2024 మార్చి 29న బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎక్స్‌జెడ్ టీమ్ మనిషి కాదు. ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజినీర్, ఎక్స్‌జెడ్‌కి మాత్రం మనలాగే యూజర్. లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని పట్టుబట్టి వెతికాడు. యూజర్ల పేరుతో వచ్చిన ఒత్తిడితో ఒక ప్రాజెక్ట్ ఎలా దెబ్బతింటుందో, ఒక్క యూజర్ శ్రద్ధతో ఎలా బయటపడుతుందో రెండూ ఇందులోనే ఉన్నాయి.

కావలసినవి

- 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా సరే. అదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్.
- ఈ పని కోసమే ఒక కొత్త ఈమెయిల్. మీ సొంత మెయిల్ వాడకండి. ఎందుకో కింద చెప్తాను.
- వారానికి ఒక గంట. నెలలో ఒక్కరోజు పదిగంటలు కూర్చోవడం కన్నా ఇది మేలు, ఎందుకంటే అవతలివాళ్ళు అడిగినదానికి మీరు మధ్యమధ్యలో జవాబు చెప్పాలి.
- చిన్నచిన్న వాక్యాల్లో ఇంగ్లిష్. గ్రామర్ తప్పులు పోయినా ఎవరూ పట్టించుకోరు. “ఇది నొక్కాను, అది వచ్చింది” అని రాయగలిగితే చాలు.
- ఇంటి దగ్గర నెట్ సరిగ్గా లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. లిబ్రేఆఫీస్ ఒక్కటే 300 ఎంబీ దాటుతుంది.

1. రోజూ వాడే ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి

చాలామంది ఇక్కడే తప్పుతారు. రెజ్యూమేలో పేరు బాగుంటుందని లినక్స్ కెర్నల్ మీదో, ఎప్పుడూ తెరవని పెద్ద లైబ్రరీ మీదో పడతారు. నెలలోపే విసుగొచ్చి ఆపేస్తారు. మీకు దాని లోపాలు చేతికి తగిలి ఉండాలి. ఎక్కడ నొక్కితే ఆగిపోతుందో, ఏ పని తిప్పలు పెడుతుందో మీకు ముందే తెలిసి ఉండాలి.

డీటీపీ పని చేసేవాళ్ళకు లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసేది), స్క్రైబస్ (పేజీలు కట్టేది) మంచి చోట్లు. స్క్రైబస్ పాత 1.4 వెర్షన్లలో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా కలిసేవి కావు. 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి మన లిపికి కావలసిన ఏర్పాటు స్థిరమైన వెర్షన్‌లోకి వచ్చింది. ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద చెయ్యి తిరిగినవాళ్ళు అందులో ఒక పెళ్ళి కార్డు చేసి చూస్తే, తెలుగు రాని డెవలపర్ ఏడాది వెతికినా దొరకని తప్పులు ఒక్క సాయంత్రంలో దొరుకుతాయి.

ఎంచుకున్నాక ప్రాజెక్ట్ బతికే ఉందో లేదో చూడండి. చివరి రిలీజ్ ఎప్పుడు వచ్చింది? ఇష్యూలకు (వాడేవాళ్ళు అక్కడ రాసే ఫిర్యాదులు, సూచనలకు) ఈ రెండు మూడు నెలల్లో ఎవరైనా జవాబిచ్చారా? ‘ఆర్కైవ్డ్’ (పని ఆపేశారు) అని ఉంటే వదిలేయండి.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళకు ప్రత్యామ్నాయం: స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్. మీరు నిలబడ్డ చోట ఉన్న రోడ్డు, షాపు గురించి చిన్న ప్రశ్నలు అడుగుతుంది. మీ జవాబులు నేరుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్తాయి. అది సాఫ్ట్‌వేర్ కాదు, మ్యాప్ డేటా. కానీ ఆ మ్యాప్ మీద నడిచే ఓపెన్ సోర్స్ యాప్‌లు చాలా ఉన్నాయి. చూడని రోడ్డు గురించి మాత్రం ఊహించి జవాబు పెట్టకండి.

2. రెండు వారాలు చదవడమే పని

పనిలో ఎలా చేరాలో చెప్పే ‘కంట్రిబ్యూటింగ్’ అనే ఫైల్ ప్రాజెక్ట్‌లో ఉంటే మొదటి నుంచి చివరిదాకా చదవండి. తర్వాత పరిష్కారమైపోయిన ఇష్యూలు కొన్ని తెరిచి, అక్కడ ఏం అడిగారు, ఏ సమాచారం ఇస్తే పని కదిలింది, దేన్ని మూసేశారు అన్నది చూడండి. ప్రతి ప్రాజెక్ట్‌కీ ఒక పద్ధతి ఉంటుంది. ఈ రెండు వారాల్లో అది పట్టుబడుతుంది.

3. ఇంకొకరు రాసిన బగ్‌ని మీ సిస్టమ్‌లో పరీక్షించండి

కొత్తవాళ్ళు చెయ్యగలిగిన పనుల్లో ఇంతకన్నా ఉపయోగమైనది లేదని నా గట్టి అభిప్రాయం. కోడ్ అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు, చేసేవాళ్ళు మాత్రం ఎప్పుడూ తక్కువే.

లిబ్రేఆఫీస్‌నే తీసుకుందాం. ఎవరైనా బగ్ (సాఫ్ట్‌వేర్‌లో కనబడ్డ తప్పు) రాస్తే, బగ్‌లు నమోదు చేసే వాళ్ళ సైట్ బగ్‌జిల్లాలో అది ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ అనే స్థితిలో మొదలవుతుంది. రాసినవాళ్ళు కాకుండా ఇంకొకరు అదే స్టెప్స్ చేసి, అదే తప్పు వచ్చిందని చెప్తేనే ‘న్యూ’ అవుతుంది. ఆ ఇంకొకరు మీరు కావచ్చు.

పద్ధతి ఇలా. తెలుగు అనో, ఇండిక్ అనో వెతికి, ఇంకా కన్‌ఫర్మ్ కాని ఒక బగ్ తీసుకోండి. లిబ్రేఆఫీస్ తాజా వెర్షన్ ఇన్‌స్టాల్ చెయ్యండి. హెల్ప్ మెనూలో ‘రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్’ ఉంటుంది. అందులో తెరిస్తే మీ సొంత సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్లు అడ్డురావు. రిపోర్ట్‌లో ఉన్న స్టెప్స్ ఉన్నవి ఉన్నట్టు చెయ్యండి. ఫలితం రాసేటప్పుడు హెల్ప్‌లోని ‘అబౌట్ లిబ్రేఆఫీస్’ తెరిచి, వెర్షన్ సమాచారం పక్కనున్న కాపీ బటన్ నొక్కి, మొత్తం పేస్ట్ చెయ్యండి. “లేటెస్ట్ వెర్షన్” అని రాస్తే పనికిరాదు, వచ్చే నెలకి అది పాతదైపోతుంది.

తప్పు రాకపోతే? అది కూడా రాయండి. “ఈ వెర్షన్‌లో, విండోస్ 11లో నాకు రాలేదు” అనే ఒక్క వాక్యం డెవలపర్‌కి అరపూట మిగల్చవచ్చు. ఒకవేళ స్టెప్స్ అర్థంకాకపోతే రాసినవాళ్ళనే మర్యాదగా అడగండి.

జాగ్రత్త: “నాకూ ఇదే ప్రాబ్లెమ్, ఎప్పుడు సరిచేస్తారు?” అని రాస్తే పరీక్షించినట్టు కాదు. ఆ బగ్‌ని అనుసరిస్తున్న అందరికీ ఒక మెయిల్ వెళ్తుంది, కొత్త సమాచారం సున్నా. సపోర్ట్ తెలపాలంటే, చాలా ప్రాజెక్టులు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో థంబ్స్ అప్ ఉంది, అది చాలు.

4. మీకు కనబడ్డ బగ్‌ని సరిగ్గా రాయండి

తెలుగు వాడేవాళ్ళ రిపోర్ట్‌కి ప్రత్యేకమైన విలువ ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఓపెన్ సోర్స్ కథ కాదు కానీ, మన లిపి సాఫ్ట్‌వేర్‌ని ఎక్కడ ఇబ్బంది పెడుతుందో దానితో అందరికీ తెలిసింది. వత్తు పక్కకి జరిగినా, తలకట్టు ఎగిరిపోయినా తెలుగు రాని డెవలపర్‌కి అది తప్పని కూడా తెలియదు. ఆయన కోడ్ సరిచెయ్యగలడు, చూసి చెప్పేవాళ్ళు మాత్రం కావాలి.

ముందు ఇదే బగ్ ఎవరైనా రాశారేమో రెండు మూడు రకాల మాటలతో వెతకండి. లేకపోతేనే కొత్తది. ఈ మాదిరిలో రాసి, ఇంగ్లిష్‌లో పెట్టండి:

> శీర్షిక: రైటర్‌లో బోల్డ్ చేసిన తెలుగు పదం పీడీఎఫ్‌లోకి వెళ్ళాక వత్తు పక్కకి జరుగుతోంది
> వెర్షన్: (కాపీ చేసిన సమాచారం మొత్తం)
> ఫాంట్: పేరు, ఎక్కడ నుంచి దించుకున్నారు
> స్టెప్స్: 1. కొత్త డాక్యుమెంట్ తెరవండి. 2. ‘రాష్ట్రం’ అని పేస్ట్ చెయ్యండి. 3. ఆ ఫాంట్ పెట్టి బోల్డ్ చెయ్యండి. 4. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి.
> రావాల్సింది: స్క్రీన్ మీద ఉన్నట్టే (చిత్రం 1)
> వచ్చింది: ట, ర వత్తులు కుడివైపుకి జరిగాయి (చిత్రం 2, ఎర్ర గుండ్రం చుట్టిన చోట)
> ఎప్పుడూ వస్తుందా: ప్రతిసారీ. బోల్డ్ తీసేస్తే రాదు.

చివరి వాక్యం చూడండి. “బోల్డ్ తీసేస్తే రాదు” అన్న ఆ చిన్న ముక్క కోసమే డెవలపర్ రెండు రోజులు వెతుక్కోవాల్సి వచ్చేది. ఫాంట్ మార్చి, సైజు మార్చి, ఇంకో సిస్టమ్‌లో చూసి, తప్పు ఎక్కడ ఆగుతుందో రాయడమే మంచి రిపోర్ట్‌కి ప్రాణం. పదాన్ని స్క్రీన్‌షాట్‌లో చూపిస్తే చాలదు, టెక్స్ట్‌గా కూడా పేస్ట్ చెయ్యండి. అవతలి మనిషి తెలుగు టైప్ చెయ్యలేడు.

ముఖ్యమైన హెచ్చరిక: మీరు జోడించే ఫైల్ లోకమంతా చూస్తుంది. డీటీపీ సెంటర్‌లో తప్పు కనబడింది కదా అని కస్టమర్ రిజిస్ట్రేషన్ దస్తావేజో, ఆధార్ నంబర్ ఉన్న అఫిడవిట్టో అలాగే పెట్టేయకండి. కొత్త ఫైల్‌లో ఒక్క తప్పు పదం మాత్రమే ఉంచి పంపండి. మీ ఈమెయిల్ విషయం కూడా అంతే, బగ్‌జిల్లాల్లో అది ఇతరులకు కనబడే అవకాశం ఉంది. కొత్త మెయిల్ పెట్టుకోమన్నది అందుకే.

రాసి వదిలేయొద్దు. ఇంకా వివరాలు కావాలని మీ బగ్‌ని ‘నీడ్‌ఇన్ఫో’లో పెడితే, జవాబు రాకపోతే కొన్ని నెలలకి దాన్ని మూసేస్తారు. వాళ్ళు అడిగింది మీ మెయిల్‌లో స్పామ్‌లో పడి ఉండొచ్చు, వారానికోసారి చూసుకోండి.

5. తెలుగు అనువాదం

లిబ్రేఆఫీస్‌కి వెబ్లేట్, ఫైర్‌ఫాక్స్‌కి పొంటూన్ అనే చోట్ల బ్రౌజర్‌లోనే అనువాదం చెయ్యొచ్చు. మొదట్లో ‘సజెషన్’గా పెట్టండి, ముందునుంచి చేస్తున్నవాళ్ళు చూసి ఒప్పుకుంటారు.

ఒకే మెనూలో ఒకచోట ఒక మాట, ఇంకోచోట ఇంకో మాట ఉంటే వాడేవాళ్ళు తికమకపడతారు. అందుకని ఇప్పటికే వాడిన మాట ఏదో వెతికి అదే వాడండి. మెషిన్ ట్రాన్స్‌లేషన్ కాపీ చేసి వందలాది వాక్యాలు నింపేయడం మాత్రం వద్దే వద్దు. అవన్నీ తీరిగ్గా సరిచూసే పని ఇంకో వాలంటీర్ మీద పడుతుంది.

సాంకేతికంగా ఒక్క జాగ్రత్త: వాక్యంలో ఉండే పర్సెంట్ గుర్తు ఉన్న ముక్కలు, టిల్డా గుర్తు లాంటివి తీసేయకండి. పర్సెంట్ ముక్క ఉన్న చోట ప్రోగ్రామ్ ఫైల్ పేరో, నంబరో పెడుతుంది. టిల్డా కీబోర్డ్ షార్ట్‌కట్ కోసం. తప్పు చేస్తే వెబ్లేట్ హెచ్చరిక చూపిస్తుంది, దాన్ని దాటేసి సేవ్ చెయ్యకండి. చేసినవి మీ సిస్టమ్‌లో కనబడాలంటే తర్వాతి రిలీజ్ దాకా ఆగాలి.

6. కోడ్ వస్తే, అప్పుడు కోడ్

పై పనులు ఒకటి రెండు నెలలు చేశాక ప్రాజెక్ట్‌లో మీ పేరు నలుగురికీ తెలిసి ఉంటుంది. అప్పుడు ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ లేబుల్ ఉన్నది ఒకటి తీసుకోండి. ఇంకెవరైనా చేస్తున్నారేమో చూసి, “ఇది నేను ఇలా చేద్దామనుకుంటున్నాను, సరేనా?” అని అడిగి మొదలుపెట్టండి. ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మీ మార్పుని కలుపుకోమని పంపే అభ్యర్థనలో) ఒక్క మార్పే ఉండాలి. పక్కనున్న లైన్ల స్పేసింగ్ కూడా సర్దేద్దామనిపిస్తుంది, సర్దకండి. టెస్ట్‌లు మీ దగ్గర నడిపి చూశాకే పంపండి.

గిట్ కమిట్‌లో, అంటే మీరు నమోదు చేసే ప్రతి కోడ్ మార్పులో, మీ ఈమెయిల్ శాశ్వతంగా ఉండిపోతుంది. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో మెయిల్ దాచి, వాళ్ళిచ్చే నోరిప్లై అడ్రస్ పెట్టుకునే వీలుంది. మొదటి కమిట్‌కి ముందే చెయ్యాలి.

ఏఐతో రాయించిన కోడ్ గురించి చాలామంది అడుగుతారు. ముందు ఆ ప్రాజెక్ట్ రూల్ ఏమిటో చూడండి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. ఒప్పుకున్న చోట కూడా, ప్రతి లైన్ ఎందుకుందో మీరు చెప్పగలిగితేనే పంపండి. నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే టూల్‌కి ఏఐ రాసిన ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్ట్‌లు వరసగా వచ్చిపడుతుంటే, దాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ వాటి వల్ల ఎంత టైమ్ పోతోందో బహిరంగంగానే చెప్పారు.

7. టైమ్ లేదు, డబ్బు ఇవ్వగలను అంటే

షాపు, చిన్న కంపెనీ నడిపేవాళ్ళకు ఇదే సరైన దారి కావచ్చు. విదేశీ సైట్లలో నెలనెలా కట్ అయ్యే చెల్లింపులు మన కార్డులతో ఒక్కోసారి ఫెయిలవుతాయి, ఏడాదికోసారి ఒకే మొత్తం ఇవ్వడం సులువు. మీరే ప్రాజెక్ట్ నడుపుతూ డబ్బు అవసరమైతే, షేర్ల బ్రోకర్ కంపెనీ జెరోధా 2024లో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏటా 10 లక్షల డాలర్ల దాకా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కేటాయిస్తోంది, అక్కడ అప్లై చెయ్యొచ్చు.

8. మీ కాలేజీ ప్రాజెక్టే జనం వాడుతుంటే

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, జేఎన్‌టీయూలోనో హాస్టల్ మెస్ యాప్ ఒకటి చేసి గిట్‌హబ్‌లో పెట్టారనుకోండి. వాడేవాళ్ళు ఐదొందలమంది అవుతారు, మెసేజ్‌లు మీ ఫోన్‌కే వస్తాయి, పరీక్షల ముందు టెన్షన్ మొదలవుతుంది. ఇప్పుడు మీరు తూము దగ్గరున్నారు.

ముందు వాట్సాప్‌లో వచ్చే ఫిర్యాదులకు జవాబివ్వడం ఆపి, అన్నీ ఇష్యూల్లోనే రాయమనండి. రిపోర్ట్ టెంప్లేట్ పెట్టండి, వెర్షన్, స్టెప్స్ లేనిది చూడనని చెప్పండి. ‘కంట్రిబ్యూటింగ్’ ఫైల్‌లో యాప్‌ని సొంత సిస్టమ్‌లో ఎలా నడపాలో రాసి, ఒక జూనియర్ చేత మీ సాయం లేకుండా చేయించి చూడండి. ఆ పిల్లోడు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ ఫైల్‌లో వాక్యం తక్కువైనట్టు. సులువైన పనులన్నీ మీరే చేసెయ్యకుండా కొన్ని కొత్తవాళ్ళకి మిగల్చండి, లేకపోతే వాళ్ళు చేరే దారే ఉండదు.

కాలేజీ ప్రాజెక్టులు చచ్చిపోయేది ఫైనలియర్‌లో. రిపో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) ఒక సీనియర్ సొంత అకౌంట్‌లో ఉంటుంది, ఆయన ఉద్యోగానికి బెంగళూరు పోతాడు, పాస్‌వర్డ్ ఆయనతోనే పోతుంది. మొదటి రోజే ఆర్గనైజేషన్ అకౌంట్ తెరిచి, వేరే వేరే సంవత్సరాల వాళ్ళని ఇద్దరిని ఓనర్లుగా పెట్టండి. కానీ ఎక్స్‌జెడ్ సంగతి గుర్తుపెట్టుకుని, తొందరపెట్టాడని చెప్పి ముక్కూ మొహం తెలియనివాడికి తాళాలు ఇవ్వకండి. కొన్నాళ్ళు పని చూసి ఇవ్వండి.

ఎక్కువమంది చేసే తప్పులు

లెక్క కోసం పుల్ రిక్వెస్ట్‌లు. ఓపెన్ సోర్స్ పనిని ప్రోత్సహించడానికి అక్టోబర్‌లో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్ట్‌లకి టీషర్ట్ ఇస్తామంటే, రీడ్‌మీలో (ప్రాజెక్ట్ పరిచయం ఉండే ఫైల్‌లో) ఒక మాట కలిపి పంపినవాళ్ళు వేలల్లో తేలారు. మెయింటైనర్లు మొత్తుకుంటే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అని ఆ నెలలోనే రూల్ మార్చారు. 2024లో వెబ్ యాప్‌లు కట్టడానికి వాడే ఎక్స్‌ప్రెస్ రిపోకి కూడా ఇలాంటిదే జరిగింది. ఒక పాఠం వీడియో చూసి, రీడ్‌మీలో సొంత పేరు రాసి పంపినవాళ్ళు కుప్పలు తెప్పలు. ఆ వీడియో మన దేశందే. ఆ తర్వాత నిజంగా పనిచేసే మన పిల్లల్ని కూడా అనుమానంగా చూసే పరిస్థితి వస్తుంది, అదే నా బాధ. గిట్ ప్రాక్టీస్ చెయ్యాలంటే సొంత రిపోలో చెయ్యండి.

ఐదారు ఇష్యూలు “నాకు అసైన్ చెయ్యండి” అని పట్టేసి కూర్చోవడం ఇంకో తప్పు. మెయింటైనర్‌కి నేరుగా పర్సనల్ మెసేజ్ పెట్టడం మూడోది. రెండు రోజులకే “సార్, ప్లీజ్ రివ్యూ” అని గుర్తు చెయ్యడం నాలుగోది. రెండు వారాలు ఆగి, ఒక్కసారి, మర్యాదగా అడగండి.

పని సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

మీ రిపోర్ట్ మీద వచ్చిన మొదటి జవాబు చూడండి. “ఏ వెర్షన్?”, “స్టెప్స్ ఏవి?” అని అడిగారంటే మీ రిపోర్ట్‌లో లోపం ఉంది. నేరుగా బగ్ గురించే మాట్లాడారంటే బాగా రాశారు. మీరు పరీక్షించినవాటిలో కొన్నైనా ‘న్యూ’ అయ్యాయా, డూప్లికేట్ అని మూసేసినవి తగ్గుతున్నాయా అన్నది మూడు నెలలకోసారి చూసుకోండి. పుల్ రిక్వెస్ట్‌కి పదిసార్లు సవరణలు అడిగితే బాధపడొద్దు, కానీ తర్వాతి దానికి అదే సవరణ మళ్ళీ అడిగించుకోవద్దు. మీ పుల్ రిక్వెస్ట్ వద్దని మూసేసినా కారణం చదివి ఊరుకోండి, వాదన పెంచితే ఇద్దరి టైమూ పోతుంది.

పరీక్షలు గానీ, ఉద్యోగం గానీ వచ్చి మధ్యలో ఆపాల్సి వస్తే చెప్పి ఆపండి. మీ పేరు మీద ఉన్న ఇష్యూ దగ్గరికెళ్ళి, “నేను చెయ్యలేకపోతున్నాను, ఇంతవరకు ఇది చూశాను, ఎవరైనా తీసుకోవచ్చు” అని రెండు వాక్యాలు రాసి, అసైన్‌మెంట్ తీయించుకోండి. సగం చేసిన కోడ్ ఉంటే దాని లింక్ కూడా అక్కడే పెట్టండి.